ప్రియదర్శిని చేసిన సిఫారసు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మా స్టాఫ్ రూములో ప్రశ్నల తీరు మారిపోతుంది. నిన్నటిదాకా "ఎన్ని పేపర్లు దిద్దారు?" అని అడిగినవాళ్ళే, "పిల్లలతో కలిసి కూర్చుని చూడదగ్గ సినిమా ఏదన్నా వుంటే చెబుదురూ" అంటారు. తెలుగు చెప్పేదానికి పాత సినిమాలన్నీ కరతలామలకమని వాళ్ళ నమ్మకం. మొన్న ఫిజిక్సు చెప్పే ఆవిడ పెద్ద నిట్టూర్పు విడిచి, "ఏడాదికి సరిపడా చందా కట్టామండీ. పెట్టె తెరిస్తే కొల్లలుగా బొమ్మలు. గంటసేపు వెతకడం, ఈలోగా అన్నం చల్లారిపోవడం, ఆపైన ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోవడం. ఇదీ మా ఇంట్లో సినిమా చూసే వైభవం" అంది.

మా ఇంట్లోనూ అంతే లెండి. కాకపోతే నేను పైకి చెప్పుకోలేదు.

ఈ సిఫారసు అనే మాటను చూడండి. పార్శీ నుంచి మనకు వచ్చిన మాట. మా నాన్నగారి తరంలో సిఫారసు అంటే ఉద్యోగం కోసమే. ఎవరో పెద్దమనిషి చేత ఉత్తరం ముక్క రాయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళడం. సిఫారసు చేసేవాడు మనని ఎరిగినవాడై వుండాలి, తన మాటకు పూచీ పడేవాడై వుండాలి. ఇప్పుడు టెలివిజను పెట్టె సిఫారసు చేస్తోంది. మీరు ఫలానాది చూశారు కనక ఫలానాది మీకు నచ్చుతుంది అంటుంది. నచ్చకపోతే పూచీ ఎవరిదీ కాదు.

ఆ పెట్టె సినిమా చూసి చెబుతుందా అంటే, చూడదు. దాని లెక్కంతా మన మీద. మనం ఏది చూశాం, ఎంతసేపు చూశాం, ఎక్కడ విసుగుపుట్టి ఆపాం, ఏ వేళప్పుడు చూస్తాం, ఇవన్నీ రాసిపెట్టుకుంటుంది. మనలాగే చూసేవాళ్ళు ఇంకా ఎవరెవరున్నారో పోల్చుకుంటుంది. వాళ్ళు చూసి, మనం చూడనిది ఏదో, దాన్ని తెచ్చి మన ముందు పెడుతుంది. 2006 లో నెట్‌ఫ్లిక్స్ అనే అమెరికా సంస్థ, తమ సిఫారసుల లెక్కను నూటికి పది పాళ్ళు మెరుగుపరచినవారికి పదిలక్షల డాలర్లు ఇస్తామని పందెం వేసింది. 2009 లో ఒక బృందం దాన్ని గెలుచుకుంది. చిత్రమేమిటంటే, ఆ గెలిచిన లెక్కను పూర్తిగా అమలుపెట్టడానికి అయ్యే శ్రమ గిట్టుబాటు కాదని ఆ సంస్థవారే పక్కన పెట్టేశారు. ఇంకో విశేషం. ఒకే సినిమాకు మీకు కనబడే బొమ్మా, మీ అబ్బాయికి కనబడే బొమ్మా ఒకటే కానక్కరలేదు. నవ్వులంటే ఇష్టపడేవాడికి అందులో హాస్యనటుడి బొమ్మ, ప్రేమకథలు చూసేవాడికి నాయికానాయకుల బొమ్మ. అంగట్లో సరుకు ఒకటే, గిరాకీని బట్టి మూట మీద కాగితం మారుస్తారన్నమాట.

ఇంత తెలివైన పెట్టె మా ఇంట్లో మాత్రం తెల్లమొహం వేస్తుంది. కారణం, మా అయిదుగురికీ ఒకటే ఖాతా. నాలుగో తరగతి చదివే మా చిన్నవాడు చూసే బొమ్మల సినిమాలూ, తొమ్మిదో తరగతికి వచ్చిన అమ్మాయి చూసే కొరియా కథలూ, మావారి క్రికెట్టూ, మా అత్తగారి ప్రవచనాలూ, నావి అప్పుడప్పుడూ ఒకటీ అరా. ఇవన్నీ కలిపి ఆ పెట్టె మమ్మల్ని ఒకే మనిషి అనుకుంది. ఆ మనిషికి గరుడపురాణం మీద ప్రవచనం అయిపోగానే రాక్షసబల్లుల బొమ్మల సినిమా సిఫారసు చేసింది. మా అత్తగారు అది చూసి, "పోనీలెండి, అదీ యమలోకంలాగే వుంది" అన్నారు.

పాత సినిమాల సంగతి మరీ కష్టం. చూసేవాళ్ళు తక్కువ కనక పెట్టె వాటిని పైకి తేదు. పైకి తేదు కనక చూసేవాళ్ళు ఇంకా తగ్గుతారు. నా చిన్నతనంలో ఈ బాధ లేదు. దూరదర్శన్‌లో వారానికో తెలుగు సినిమా. అది మాకు ఇష్టమా, వయసుకు తగినదా అని ఎవరూ అడగలేదు. వున్నది అదే. వీధిలో టీవీ వున్న ఇంటివాళ్ళ వసారా నిండా మేమే. అల్లాగే నేను పదేళ్ళ వయసుకే మా అమ్మ పుట్టకముందు తీసిన సినిమాలు కూడా చూశాను. మా పిల్లలకు వెయ్యి సినిమాలు చేతికందేలా వున్నా, తాము పుట్టకముందుది ఒక్కటీ చూడలేదని నాకు మొన్న సెలవుల్లోగాని తట్టలేదు.

అంచేత ఒక ఏర్పాటు చేశాను. ఆదివారం మధ్యాహ్నం సినిమా ఎంచేది పెట్టె కాదు, నేను. ఎవరూ అడ్డు చెప్పకూడదు. గంటన్నర చూశాక నచ్చకపోతే లేచిపోవచ్చు.

మొదటి ఆదివారం మాయాబజార్ పెట్టాను. ఇంకేం పెడతాను? 1957 లో వచ్చిన సినిమా, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు. పెట్టగానే చిన్నవాడు, "రంగు లేదా?" అన్నాడు. రంగు వేసింది కూడా వుంది. 2010 లో హైదరాబాదు సంస్థ ఒకటి ఆ పాత చిత్రానికి బొమ్మ బొమ్మకూ రంగులద్ది, నిడివి కొంత తగ్గించి విడుదల చేసింది. నాకు నలుపు తెలుపే ఇష్టం. మార్కస్ బార్‌ట్లే కెమెరాలో కురిసిన ఆ వెన్నెల, పడవ మీద పాటలోది, రంగు వేస్తే వెన్నెలలా వుండదు, వీధిదీపంలా వుంటుంది. కాని నా పంతం నెగ్గలేదు. ఓట్లు రంగుకే ఎక్కువ పడ్డాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఘటోత్కచుడు పెళ్ళివారి భోజనం ఒక్కడే ఆరగించే ఘట్టంలో, లడ్డూలు లడ్డూల రంగులో కనబడేసరికి మా చిన్నవాడు లేచి నిలబడ్డాడు. ఆ ఒక్కచోట మాత్రం నేను రంగుకు లొంగిపోయాను.

అరగంట గడిచేసరికి వాడికో సందేహం వచ్చింది. "అమ్మా, పాండవులు ఏరీ?"

నేను ఎం.ఏ. చదివేదాకా ఈ ప్రశ్న నాకు రాలేదు. పాండవుల కొడుకు పెళ్ళి, పాండవుల పక్షాన పోరాటం, సినిమా అంతా వాళ్ళ మాటే. వాళ్ళు మాత్రం తెరమీదికే రారు. మా అత్తగారు, "అరణ్యవాసంలో వున్నారు కదరా, పెళ్ళికెల్లా వస్తారు?" అని తేల్చేశారు. విమర్శకులు పేజీలు రాసిన విషయం.

తరవాత ప్రియదర్శిని ఘట్టం వచ్చింది. చూసినవాళ్ళకు గుర్తుండే వుంటుంది. ద్వారకలో ఒక పెట్టె. దాని మూత తీస్తే, తీసినవారి మనసుకు ఏది ప్రియమో అదే అందులో కనబడుతుంది. శశిరేఖ తీస్తే అభిమన్యుడు. రేవతీదేవి తీస్తే నగలు. బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తీస్తే మాత్రం శకుని కనబడతాడు. మా అమ్మాయి అంతసేపూ ఒక కన్ను ఫోను మీద వేసి చూస్తున్నదల్లా తలెత్తి, "అమ్మా, ఇది మన యాపే!" అంది.

నిజమే. నేను ఇరవైసార్లు చూసి వుంటాను గాని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరికి ఏది ఇష్టమో పసికట్టి అదే చూపించే పెట్టె. బలరాముడికి ప్రియమైనది దుర్యోధనుడు కనక అతన్నే చూపించింది. అది తప్పు చెప్పలేదు. అతని కళ్ళు తెరిపించనూ లేదు. అదే కథలో ఇంకో యంత్రం కూడా వుంది, దానిమీద కాలు పెట్టినవాడి నోటివెంట నిజం తప్ప మరొకటి రాదు. శకుని అక్కడే దొరికిపోతాడు. ఆ రెండోదాన్ని ఇంకా ఏ కంపెనీవారూ తయారుచేసి అమ్మకానికి పెట్టలేదు.

ఆ రోజు నన్ను కొంచెం బాధపెట్టిన సంగతి ఇంకొకటి. సినిమా మొదలైన పావుగంటకే మా అమ్మాయి రిమోటు తీసుకుని కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేట్టు పెట్టుకుంది. తెలుగు లెక్చరరు కూతురు! మాయాబజారుకు! నా మొహం చూసి, "మాటలు తెలుస్తున్నాయమ్మా, కాని వేగంగా అంటున్నారు" అని సర్దిచెప్పబోయింది. నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడమే మేలైంది. ఘటోత్కచుడి ఆశ్రమంలో రాక్షసులు అస్మదీయులు, తస్మదీయులు అని వల్లిస్తూంటే, కింద మనవాళ్ళు, శత్రువులు అనే అర్థంలో రెండు చప్పటి ఇంగ్లీషు మాటలు వచ్చాయి. అమ్మాయి పైమాటా కిందిమాటా పోల్చి చూసి, "ఇదేమిటి, అసలు మాట ఇంకేదో తమాషాగా వుందే?" అంది. అప్పుడు చెప్పాను. అస్మదీయ అన్నది సంస్కృతంలో వున్నమాటే, మావాడు అని. తస్మదీయ అనేది మాత్రం ఏ వ్యాకరణానికీ నిలవదు, తదీయ అనాలి. పింగళివారు రెండింటికీ ప్రాస కుదిర్చి కావాలని రాక్షసుల నోట పెట్టారు. కంబళికి జోడీగా గింబళి, తల్పానికి జోడీగా గిల్పం. ఎవరో ఒకరు పుట్టించకపోతే కొత్త మాటలు ఎల్లా పుడతాయని ఘటోత్కచుడి వాదన. నేను క్లాసులో పదనిర్మాణం పాఠం చెబితే నిద్రపోయే పిల్లలున్నారు. ఇక్కడ మా చిన్నవాడు రాత్రి భోజనాల దగ్గర "నాకు గెరుగు వెయ్యి" అన్నాడు. పెరుగుకు జోడీ! మా అమ్మాయి రెండో భాగం అక్షరాలు తీసేసి చూసింది. శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడిగా సావిత్రి మీసం లేని మీసం మెలివేసే ఘట్టాలు వెనక్కి తిప్పి మూడుసార్లు చూసింది.

ఇల్లా దారి పడింది. తరవాతి ఆదివారం పాతాళభైరవి, 1951 ది. బలి ఇచ్చే గుహ దగ్గర చిన్నవాడు మా అత్తగారి ఒళ్ళోకి జరిగాడు గాని, లేచిపోలేదు. ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి ఇప్పటికీ అనుకరిస్తున్నాడు, గడ్డం స్థానంలో నా జడ పట్టుకుని. కాశీమజిలీ కథల వాసన వున్న ఆ చిత్రం తీసినవారూ, చందమామ పత్రికను 1947 లో మొదలుపెట్టినవారూ ఒకరే, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. పిల్లలకు కథ ఎల్లా చెప్పాలో వాళ్ళకు తెలియడంలో ఆశ్చర్యం ఏముంది? లవకుశ మాత్రం అంత బాగా సాగలేదు. 1963 లో తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి చిత్రం అని గొప్పగా చెప్పి పెట్టాను. మా ఇంట్లో దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నవారు ఇద్దరు, నిద్రపోయినవారు ఇద్దరు. అమ్మాయి నిద్రపోనూ లేదు, కళ్ళు తుడుచుకోనూ లేదు. "రాముడు ఒక్కమాట సీతను అడగవచ్చు కదా" అని మూడురోజులు నన్ను సతాయించింది. ఉత్తరరామచరితం పాఠం చెప్పినప్పుడు మా కాలేజీ పిల్లలు కూడా ఇదే అడుగుతారు. ఆ పిల్లలకు చెప్పే జవాబు కూతురికి చాలలేదు.

పోయిన నెల అమ్మాయే ఒక సిఫారసు చేసింది. విడిపోయిన తల్లిదండ్రులను కలిపే కవల పిల్లల ఇంగ్లీషు సినిమా, పేరంట్ ట్రాప్. 1998 లో రెండోసారి తీసింది. సగం చూసేసరికి మా అత్తగారు, "ఇది మన లేతమనసులే!" అన్నారు. పెట్టెకు తెలియని చుట్టరికం ఆవిడ పట్టుకున్నారు. అసలు కథ ఎరిహ్ కేస్ట్నర్ 1949 లో రాసిన జర్మను పిల్లల నవల. దాన్ని 1961 లో హాలీవుడ్‌లో పేరంట్ ట్రాప్‌గా తీశారు. 1965 లో ఏ.వి.ఎం. వారు తమిళంలో తీసి, మరుసటి ఏడాది తెలుగులో లేతమనసులు అన్నారు. కుట్టి పద్మిని ద్విపాత్ర, హరనాథ్, జమున తల్లిదండ్రులు. 1968 లో హిందీలోనూ వచ్చింది. ఒకే కథ ఇన్ని ఊళ్ళు తిరిగి వచ్చిందని చెబితే, అమ్మాయి తెలుగుది కూడా పెట్టమంది. రెండూ వరసగా చూశాం. "ఇంగ్లీషులో అమ్మానాన్నా దెబ్బలాడుకుని విడిపోయారు. మనదాంట్లో అమ్మమ్మ విడదీసింది" అని తేల్చి చెప్పింది. ఇంతకన్న తులనాత్మక పరిశీలన ఏముంటుంది?

ఇక్కడ తల్లులకు రెండు మూడు ఇంటి చిట్కాలు చెప్పి ముందుకు పోతాను. పిల్లలకు విడిగా ఒక ప్రొఫైలు పెట్టండి, వాళ్ళ బొమ్మలూ మీ బొమ్మలూ కలవకుండా వుంటాయి. 2021 లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ కంపెనీలు ప్రతి చిత్రానికీ వయసు గుర్తు వెయ్యాలి: అందరికీ, ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు పైబడినవారికి, పెద్దలకు మాత్రమే అని. అది చూడండి, కాని దాన్ని నమ్ముకుని వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఒకటి అయిపోగానే మరొకటి దానంతటదే మొదలయ్యే సదుపాయం వుంటుంది, దాన్ని ఆపెయ్యండి. నాకు దానిమీద ప్రత్యేకమైన కోపం. పాత సినిమా చివర అందరూ వరసగా నిలబడి నవ్వుతూండగా శుభం అని అక్షరాలు పడతాయే, ఆ శుభాన్ని మూలకు నెట్టి, పది లెక్కపెట్టేలోగా ఇంకో సినిమా వచ్చిపడుతుంది. శుభం పడనివ్వని సినిమా చూసి ఇంట్లో దీపాలు వెలిగించమంటే ఎల్లా? మూడుగంటల సినిమా ఒక్క బిగిని చూడక్కరలేదు. విశ్రాంతి దగ్గర ఆపి, జంతికలు తిని, మళ్ళీ కూర్చోండి. యూట్యూబులో దొరికే పాత చిత్రాల్లో కొన్నిటికి పాటలు కోసేసి వుంటారు, నిడివి చూసి మరీ పెట్టండి.

ఇక గుండమ్మకథ సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

1962 లో వచ్చింది. ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు. పేరు మాత్రం సూర్యకాంతానిది. మా కాకినాడ పక్క వెంకటకృష్ణరాయపురంలో పుట్టినావిడ, మా ఊరివాళ్ళకు ఆవిడ మీద సొంతం ఎక్కువ. ఇంటిల్లిపాదీ నవ్వుకునే సినిమా, నవ్వడానికే పెట్టాను. మా వారు కూడా క్రికెట్టు మానుకుని కూర్చున్నారు.

మొదటి గంట నవ్వులే. సవతికూతురు లక్ష్మి చేత ఇంటెడు చాకిరీ చేయించడం, సొంతకూతురు సరోజను గారాబం చెయ్యడం, సేవకుడి వేషంలో అంజి దిగడం. తరవాత రాజా సరోజను పెళ్ళాడి, తాను గతిలేనివాణ్ణని నమ్మించి, తోటపనికి తీసుకుపోయి ఆ అమ్మాయి పొగరు అణిచే భాగం వచ్చింది. చిన్నప్పుడు వసారాలో కూర్చుని మేమంతా ఇక్కడే చప్పట్లు కొట్టాం. మా అమ్మాయి కొట్టలేదు. రిమోటు తీసి ఆపేసింది.

"అబద్ధం చెప్పి పెళ్ళి చేసుకుని, పనిచేయించి, ఏడిపించి, అది మంచి చెయ్యడమా అమ్మా? మీరంతా నవ్వుతున్నారేం?"

నాకు జవాబు తోచలేదు. ఆ కాలం అల్లాంటిది అనడం సులువు. కాని నేను నవ్వింది ఆ కాలంలో కాదు, ఆ నిమిషాన. మావారు, "సినిమా కదమ్మా" అన్నారు. సినిమా కదా అన్నమాట పిల్లల ముందు చెల్లదు. సినిమా కాబట్టే కదా మనం పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. మరచిపోవడానికి మాత్రం కాదు. చివరకు, "నువ్వన్నది నిజమే. ఇన్నాళ్ళూ నాకు తోచలేదు" అని ఒప్పుకున్నాను. షేక్‌స్పియర్ కూడా ఇల్లాంటి పెంకిపిల్లను లొంగదీసే నాటకం ఒకటి రాశాడని చెప్పబోయి, అది నా తప్పును ఆయన మీదికి తోయడమే అవుతుందని మానేశాను.

అంతవరకూ మాట్లాడకుండా వున్న మా అత్తగారు, "సరోజ గురించి ఇంత బాధపడ్డావు. ఆ లక్ష్మి మాట ఎవరూ అనరేం?" అన్నారు.

గొంతులో ఏదో తేడా వుంది. మేమందరం అటు తిరిగాం.

మా అత్తగారికి డెబ్బైఎనిమిది. ఆవిడకు ఆరో ఏట తల్లి పోయిందని, పినతల్లి పెంచిందని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఇరవైఏళ్ళుగా ఒకే వంటింట్లో మెలుగుతున్నాం, ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పిల్లలకు అది కూడా తెలియదు. వాళ్ళ దృష్టిలో మామ్మ మామ్మగానే పుట్టింది.

ఆ మధ్యాహ్నం చెప్పారు. గుండమ్మకథ విడుదలైన మరుసటి ఏడు కోనసీమలో వాళ్ళ ఊరికి టూరింగు టాకీసు వచ్చిందట. డేరా, నేల మీద ఇసక, ఇంజను చప్పుడు. పినతల్లి సొంత కూతుళ్ళిద్దరినీ తీసుకువెడుతూ, ఏమనుకుందో ఏమో, ఈవిడను కూడా రమ్మంది. పదహారేళ్ళ పిల్ల. "సూర్యకాంతం లక్ష్మిని కసిరినప్పుడల్లా డేరాలో అందరూ తిట్టేవాళ్ళు. మా ఊరి ఆడవాళ్ళు తిట్టి, మా పిన్నికేసి తిరిగి చూసేవాళ్ళు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టుండేది. ఇంటికి వెళ్ళాక ఈ కోపమంతా నామీదే కదా."

"కొట్టిందా మామ్మా?" అన్నాడు చిన్నవాడు.

"లేదురా. కథ చివర గుండమ్మకు మరో గయ్యాళి తగిలి ఆవిడ చేతే చాకిరీ చేయిస్తుంది చూడు, అక్కడ మా పిన్ని నవ్వడం మానేసింది. దారి పొడుగునా మాట్లాడలేదు. తెల్లారి నేను లేచేసరికి చెరువుకు వెళ్ళి నీళ్ళు తనే మోసుకొచ్చింది. రెండోరోజూ తనే. మూడోరోజూ తనే."

"మారిపోయిందన్నమాట!" అంది అమ్మాయి.

"మూణ్ణాళ్ళే. నాలుగోనాడు బిందె మళ్ళీ నా చంకకే వచ్చింది" అని మా అత్తగారు నవ్వేశారు. ఆవిడ నవ్వారు గాని ఇంకెవరికీ నవ్వు రాలేదు.

కొంచెంసేపయ్యాక అమ్మాయి, "ఆవిడ పేరేమిటి మామ్మా?" అని అడిగింది. పేరు చెప్పారు. ఏ వూరు, ఎప్పుడు పోయింది, ఆవిడ పిల్లలు ఎక్కడున్నారు, అన్నీ అడిగింది. అడిగినకొద్దీ వచ్చాయి. పినతల్లికి పదిహేనో ఏట రెండోపెళ్ళివాడికిచ్చి చేశారనీ, కాపరానికి వచ్చిన రోజున తను ఆవిడ కొంగు పట్టుకుని అమ్మా అని పిలిస్తే, ఆ పిల్ల భయపడి ఏడ్చిందనీ చెప్పారు. ఆ మాట మావారికి కూడా కొత్త. తల్లి మొహంకేసి అల్లాగే చూస్తూ కూర్చున్నారు. టెలివిజను తెరమీద జమున తోటలో పార పట్టుకుని ఆగిపోయి అరగంట నిలబడింది.

మిగతా సినిమా సాయంత్రం దీపాలు పెట్టాక చూశాం. చివర లక్ష్మి వచ్చి గుండమ్మను విడిపించేచోట మా అమ్మాయి తెర చూడలేదు. మామ్మను చూసింది.

అంతా అయ్యాక పెట్టె తన ధోరణిలో తాను, మీరు ఇది చూశారు కనక, అంటూ అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకునే సీరియళ్ళు నాలుగు తెచ్చి పెట్టింది. మా అత్తగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మర్నాడు అమ్మాయి కూర్చుని మా అత్తగారి పేర విడిగా ఒక ప్రొఫైలు తెరిచింది. ఎవరు చూస్తున్నారు అని అడిగే చోట, ఇప్పుడు చివర ఒక గుండ్రటి మొహమూ, పక్కన మామ్మ అని తెలుగు అక్షరాలూ వున్నాయి. కొత్తగా చేరినవారిని, ముందుగా మీకు నచ్చిన సినిమాలు మూడు ఎంచుకోండి, అంటుంది ఆ పెట్టె. వాటిని బట్టి లెక్క మొదలుపెడుతుంది కాబోలు.

"నచ్చినవి ఏవి మామ్మా?" అంది అమ్మాయి, రిమోటు పట్టుకుని.

మా అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ బొమ్మల వరసంతా తీరిగ్గా చూశారు. "నచ్చినవి చూసేశానుగా. చూడనివాటిని అడగదా అది?" అన్నారు. ఆపైన ఒక బొమ్మ దగ్గర వేలు పెట్టి, "ఇది పెట్టు. మిస్సమ్మ. మా ఊరి డేరాకు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఇంటిదగ్గర గొడ్లను చూసుకోవడానికి ఎవరో ఒకరు వుండాలన్నారు."

ఈ ఆదివారం మా ఇంట్లో మిస్సమ్మ. ఫిజిక్సు ఆవిణ్ణి కూడా పిల్లలను తీసుకుని రమ్మన్నాను. రెండింటికల్లా వంట ముగించుకోవాలి. జంతికలకు పిండి తడిపి పెట్టాను.